మెట్ట ఊళ్ళో కరువును తట్టుకునే సాగు: ఊరంతా కలిస్తేనే అయ్యే పనులతో మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కదిరి వైపు వర్షాధారపు ఊరు, ఎర్రనేలలు, వేరుశనగే ప్రధాన పంట. బోర్లలో సగం ఎండిపోయాయి. వాన అదనుకు రావడం లేదు, వచ్చినా రెండు రోజుల్లో కుమ్మరించి పోతోంది. కొందరు యువ రైతులు, మహిళా సంఘాల వాళ్ళు కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నారు. ఒకరు ప్రకృతి వ్యవసాయం అంటున్నారు, ఒకరు డ్రిప్ అంటున్నారు, ఇంకొకరు చిరుధాన్యాలు అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి, పండించినదానికి సేంద్రియ సర్టిఫికెట్ ఎలా వస్తుంది అని అడిగారు.

అనంతపురం పల్లెల్లో రైతు సంఘాలతో చాలా ఏళ్ళు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ మూడింటిలో దేనితోనూ మొదలుపెట్టకండి. మూడూ మంచివే, కానీ అవి ఎవరి పొలంలో వాళ్ళు చేసుకోగలిగినవి. వాటి కోసం ఊరు కూర్చోవాల్సిన పని లేదు. ఎంత తెలివైన రైతయినా ఒంటరిగా చేయలేని పనులు మూడున్నాయి. నేల కింద నీళ్ళు ఎన్ని వాడుకోవచ్చో తేల్చుకోవడం ఒకటి. పంట లేని నెలల్లో గొర్రెలు, పశువులు ఎక్కడ మేయాలో తేల్చుకోవడం రెండోది. వానకు నేల పదునైన రోజుకు విత్తనం ఊళ్ళోనే ఉండేలా చూసుకోవడం మూడోది. ఈ మూడింటి మీద ఊళ్ళో ఒక కట్టుబాటు కుదిరితే ప్రకృతి వ్యవసాయమైనా, డ్రిప్ అయినా, కొర్రలైనా నిలుస్తాయి. కుదరకపోతే ఉత్సాహవంతులైన పదిమంది రెండేళ్ళు కష్టపడి విసిగిపోతారు.

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్లు. అంటే మామూలు ఏడాదిలో ఎకరాకు 22 లక్షల లీటర్లు పడుతుంది. వినడానికి చాలా అనిపిస్తుంది. కానీ మన గ్రానైట్ రాతి ప్రాంతంలో అందులో సుమారు పదో వంతే లోపలికి ఇంకి బోర్లకు అందుతుంది. మిగతాది ఆవిరవుతుంది, పంటలూ చెట్లూ తీసుకుంటాయి, వంకల్లో పారిపోతుంది.

మీ ఊరి విస్తీర్ణం 2,000 ఎకరాలు అనుకుందాం. వాన తగ్గి 400 మిల్లీమీటర్లే పడిన ఏడాది అనుకుందాం. ఎకరాకు 16 లక్షల లీటర్లు, అందులో పదో వంతు లక్షా అరవై వేలు, ఊరంతటికీ కలిపి 32 కోట్ల లీటర్లు ఇంకినట్టు. బోరు కింద ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు పడతాయి, అంటే 48 లక్షల లీటర్లు. భాగించి చూడండి, 66 ఎకరాలు వస్తుంది. తాగునీళ్ళు, పశువుల నీళ్ళు, ఖరీఫ్‌లో తోడుకున్నవి ఇంకా తీసేయనే లేదు. వరి మడిలోంచి కొంత నీరు మళ్ళీ కిందికి ఇంకుతుంది కాబట్టి లెక్క కొంచెం సడలించుకోవచ్చు. అయినా వంద ఎకరాలు దాటదు. అదే బోరు కింద రాగి వేస్తే ఎకరాకు 15 లక్షల లీటర్లు సరిపోతాయి, అవే నీళ్ళతో 200 ఎకరాలు పండించొచ్చు. ఈ లెక్కను బడి నల్లబల్ల మీద ఊరి అంకెలతో వేసి చూపించిన రోజు చర్చ తీరే మారిపోతుంది. అప్పటిదాకా 'నా బోరు, నా మోటారు' అన్నవాళ్ళు కూడా పక్క పొలంలో ఏ పంట ఉందో అడగడం మొదలుపెడతారు.

ఇది నేను కనిపెట్టింది కాదు. 2003లో మొదలైన ఏపీఫామ్స్ (రైతులే భూగర్భ జలాలను చూసుకునే) పథకం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో 600కు పైగా ఊళ్ళలో ఇదే పని చేసింది. రైతులే వానమానితో వాన కొలిచి రాసుకున్నారు, రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరు ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్కను గోడ మీద రాసి పెట్టారు, అంతే. చాలా ఊళ్ళలో రైతులు తమంతట తామే వరి తగ్గించుకున్నారు. పథకం ముగిశాక చాలాచోట్ల కొలవడం ఆగిపోయింది. దానికి కారణం పద్ధతిలో లోపమని నేను అనుకోను. కొలిచేవాళ్ళకు నెలకు ఇంత అని ఇచ్చే ఏర్పాటు ఊరి డబ్బుతో చేసుకోకపోవడమే కారణం. అందుకే మీరు మొదటి రోజే ఈ పనిని మహిళా గ్రామ సంఘానికి అప్పగించండి. బోరుకు ఇంత అని ఏడాదికి ఒకసారి వసూలు చేసి, రాసే అమ్మాయికో అబ్బాయికో చిన్న గౌరవ వేతనం ఇవ్వండి. బయటి డబ్బుతో నడిచే కొలత బయటి డబ్బుతోనే ఆగిపోతుంది.

కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక వానమాని కావాలి, అది బడి ఆవరణలో చెట్టు నీడ పడని చోట ఉండాలి. మండల కేంద్రంలో నమోదైన వాన మీ ఊళ్ళో పడినట్టు కాదు, మన ప్రాంతంలో మూడు కిలోమీటర్లకే వాన తేడా వస్తుందని మీకూ తెలుసు. ఊరి నాలుగు మూలల్లో నాలుగైదు బోర్లు ఎంచుకుని పదిహేను రోజులకోసారి నీటిమట్టం చూడండి. బోరు ఎంత పోస్తుందో తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి సెల్‌ఫోన్‌లో టైమ్ చూడండి. నిమిషంన్నరలో నిండితే గంటకు 8 వేల లీటర్లు. రోజుకు 9 గంటల కరెంటుతో 72 వేలు. నూరు రోజుల రబీకి 72 లక్షలు. తన బోరు ఎంత భారం మోయగలదో ఆ రైతుకు అప్పుడు తెలుస్తుంది. నీటి బడ్జెట్ సమావేశానికి సరైన సమయం అక్టోబరు చివర, నవంబరు మొదటి వారం. విత్తనం కొన్న తర్వాత పెడితే ఎవరూ మాట వినరు.

బోర్లు పంచుకోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇది జరిగే పని కాదంటారు. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని పల్లెల్లో జరిగింది. ఒక బయల్లో ఉన్న బోర్లన్నిటినీ పైపులైనుతో కలుపుతారు. బోరు ఉన్న రైతులూ లేని రైతులూ ఒప్పందం రాసుకుంటారు. దాని ప్రకారం కొన్నేళ్ళపాటు కొత్త బోరు వేయకూడదు, బోరు కింద వరి పెట్టకూడదు, ఖరీఫ్‌లో చేను ఎండిపోతుంటే బోరు లేనివాళ్ళకు కూడా ఒకటి రెండు తడులు ఇవ్వాలి. బోరున్న ఆసామి దీనికి ఎందుకు ఒప్పుకుంటాడు? తన బోరు కూడా ఎప్పుడో ఒకరోజు ఆగిపోతుందని ఆయనకు తెలుసు కాబట్టి. ఆగిపోయిన రోజున పక్క బోరు నీళ్ళు తన చేనుకు వస్తాయన్న హామీ ఉంటే, మరో లక్షో రెండు లక్షలో అప్పు చేసి ఇంకో బోరు వేయించాల్సిన టెన్షన్ ఉండదు. మన ప్రాంతంలో రైతుల అప్పుల పుస్తకాలు తిరగేస్తే ఎరువుల కంటే, పురుగుమందుల కంటే ఎండిన బోర్ల పద్దే పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి ఈ మాట దానధర్మంలా చెప్పకండి, భద్రతగా చెప్పండి. ముందుగా ఒకే బయల్లో, ఒకరినొకరు నమ్మే ఏడెనిమిది కుటుంబాలతో మొదలుపెట్టండి. ఊరంతా ఒకేసారి అంటే జరగదు.

కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. ఊరి కట్టుబాటు లేనిచోట ఆ చట్టం ఒక్కటే బోర్లను ఆపడం నేను చూడలేదు. మహారాష్ట్రలోని హివరే బాజార్ కూడా మనలాగే వాన తక్కువ పడే ఊరు. అక్కడ సర్పంచ్ పోపట్‌రావ్ పవార్ నాయకత్వంలో సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు, అరటి పెట్టకూడదని ఊరే నిర్ణయించుకుంది. ఏటా నీళ్ళ లెక్క చూసుకుని పంటలు నిర్ణయిస్తారు. మనకూ ఇది పరాయిది కాదు. చెరువు కింద నీళ్ళు తక్కువైన ఏడాది దామాషా వేసి పంచుకోవడం, నీళ్ళు పంచే నీరుగంటి చెప్పిన వరసలోనే మడవ తిప్పడం మన తాతల కాలంలో ఉన్నదే. చెరువుకు ఉన్న ఆ క్రమం బోరుకు లేకుండా పోయింది. ఆ క్రమాన్ని మళ్ళీ తేవడమే ఇక్కడి పని.

డ్రిప్ గురించి ఒక్క మాట. డ్రిప్ ఎకరాకు పట్టే నీళ్ళు తగ్గిస్తుంది, ఇది నిజం. కానీ మిగిలిన నీళ్ళతో రైతు ఇంకో ఎకరం తడుపుకుంటాడు, అది సహజం. అప్పుడు బోరు తోడే నీళ్ళలో ఒక్క లీటరు కూడా తగ్గదు. అందుకే బోరు కింద ఎన్ని ఎకరాలో ముందు తేల్చుకుని, తర్వాత డ్రిప్‌కు దరఖాస్తు పెట్టండి.

ఫారం పాండ్ల, అంటే పొలంలో తవ్వే నీటి కుంటల విషయం కూడా లెక్కతోనే చూడండి. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండున్నర లోతున నిలువు గోడలతో తీస్తే నిండినప్పుడు 2.5 లక్షల లీటర్లు. గట్లు ఏటవాలుగా తీస్తారు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఊడలు దిగే దశలో వేరుశనగకు 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే ఎకరాకు 80 వేల లీటర్లు. అంటే నిండు కుంట మహా అయితే రెండు మూడు ఎకరాలకు ఒక్క తడి ఇస్తుంది. ఆ ఒక్క తడి పంటను నిలబెట్టగలదు, కానీ ఇంజను, పైపులు, స్ప్రింక్లర్లు ఆ రోజు చేతికి అందాలి. ఉపాధి హామీలో తవ్విన కుంటలు చాలా ఊళ్ళలో ఊరికే పడి ఉండటానికి కారణం అదే. నీళ్ళుంటాయి, ఎత్తిపోసే సామాను ఉండదు. ఇరవై కుంటలకు రెండు సెట్లు సంఘం పేరున కొని, వరసలో అద్దెకు ఇస్తే సరిపోతుంది.

ఇక మేత. ప్రకృతి వ్యవసాయంలో మనలాంటి ప్రాంతాలకు అన్నిటికంటే పనికొచ్చేది వానలకు ముందు పొడి విత్తనం వేయడం, అధికారులు పీఎండీఎస్ అంటారు. ఏప్రిల్, మే నెలల్లో కొర్ర, సజ్జ, జొన్న, కంది, పెసర, అలసంద, అనప, ఉలవ, ఆముదం, నువ్వులు, జనుము లాంటి పది పదిహేను రకాల గింజలు కలిపి పొడి దుక్కిలో చల్లుతారు. గింజలకు బీజామృతం (పేడ, మూత్రంతో చేసే విత్తన మందు) పట్టించి, దాని మీద బంకమట్టి, ఘనజీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు), బూడిద వరసగా పూత పూసి ఆరబెడతారు. ఆ పూత వల్ల చీమలు, పిట్టలు తినవు, చిన్న తుంపరకే మొలిచి ఎండిపోయే ప్రమాదం తగ్గుతుంది. మే నెల ఉరుముల వానకు మొలిచి, జూన్‌లో నేలంతా పచ్చగా కప్పేస్తుంది. ఎండకు కాగిపోయే నేల చల్లబడుతుంది, కురిసిన వాన పారిపోకుండా ఇంకుతుంది, ప్రధాన పంట వేసే ముందు కోసి పశువులకు కొంత వేసి మిగతాది నేలకే ఇవ్వొచ్చు.

చదవడానికి ఎంత బాగుందో చూడండి. కానీ మే నెలలో ఊరి చుట్టూ ఎక్కడా గడ్డిపరక లేనప్పుడు ఒకే ఒక్క చేను పచ్చగా ఉంటే ఏమవుతుంది? ఊళ్ళోని గొర్రెలన్నీ అక్కడికే వస్తాయి. రాక ఏం చేస్తాయి? కోత అయిపోయాక చేలన్నీ అందరి పశువులకూ మేత అన్నది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న ఆచారం. కాపరి తప్పేమీ లేదు. చాలా ఊళ్ళలో ఈ పద్ధతి మొదటి ఏడాదే వదిలేయడానికి కారణం విత్తనమూ కాదు, వానా కాదు, ఇదే.

కాబట్టి కాపరులను మొదటి సమావేశానికే పిలవండి, చివర్లో వాళ్ళకు హుకుం జారీ చేయకండి. నేను చూసినంతలో నిలబడిన ఒప్పందాలు దాదాపు ఇలా ఉన్నాయి. ముందుగా విత్తే చేలన్నీ చెల్లాచెదురుగా కాకుండా ఒకే పట్టీలో ఉంటాయి, అలా అయితే ఒక మనిషి కాపలా సరిపోతుంది. ఆ పట్టీలోకి రెండు నెలలు మంద రాదు. దానికి బదులుగా మిగతా చేలూ కొండ వాలూ మేతకు వదిలేస్తారు, మందల దారి, నీళ్ళ తొట్టి ఎక్కడో తేల్చుకుంటారు. పచ్చ చేను కోసే సమయానికి పై మేత కాపరులకు వదులుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, పొలంలో మంద కట్టినందుకు రాత్రికి ఇంత అని డబ్బులిస్తారు. గొర్రెల పెంటిక, మూత్రం మన ఎర్రనేలలకు ఎంత బలమో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. ఒకప్పుడు మందల కోసం రైతులు పోటీపడేవాళ్ళు. కాపరికి ఆదాయం వస్తే ఆ చేనుకు ఆయనే కాపలా. కట్టుబాటు దాటి వచ్చే పశువులకు జరిమానా ఉండాలి. పాత రోజుల్లో పంట మేసిన పశువులను కట్టేయడానికి పంచాయతీలు నడిపిన బందెలదొడ్డి లాంటిది మళ్ళీ పెట్టుకున్నా తప్పు లేదు. కానీ ఆ జరిమానా సర్పంచ్ గారి ఎద్దుకూ, కాలనీలోని మేకకూ ఒకేలా ఉండాలి. ఒక్కసారి పక్షపాతం కనిపించిందంటే కట్టుబాటు అంతటితో సరి.

పొడి విత్తనంలో ఒక జాగ్రత్త. మన దగ్గర మేలో మంచి వాన పడి, తర్వాత నెల పైన చినుకు లేని ఏడాదులు ఉంటాయి. మొలిచినదంతా మాడిపోతుంది. గింజలన్నీ ఒకేసారి చల్లకుండా సగం దాచుకోండి. ఇంకొకటి, నేల మీద కప్పడానికి ఆకు అలము వేయమంటారు. మన ఊళ్ళలో వేరుశనగ కట్టె పశువుల నోటి కూడు, దాన్ని తీసుకెళ్ళి చేనులో పరిచే స్తోమత ఎవరికీ లేదు. గట్ల మీద గ్లైరిసిడియా నాటుకుని ఆ రొట్ట వాడండి, కంది కట్టె, కలుపు మొక్కలు వాడండి. పశువుల మేతకు పోటీగా వచ్చే ఏ సలహానూ తీసుకోకండి.

మూడోది విత్తనం. ఏటా జూన్, జూలైల్లో వేరుశనగ విత్తనం కోసం నిలబడే క్యూలు మీరు చూసే ఉంటారు. పదునైన నాలుగు రోజుల్లో విత్తకపోతే ఆ ఏడాది సగం పోయినట్టే. వేరుశనగతో రెండు చిక్కులున్నాయి. ఎకరాకు 60 కిలోలకు పైగా పప్పు కావాలి, కాబట్టి ఖర్చు ఎక్కువ. పైగా గింజ ఎక్కువ కాలం నిలవ ఉంటే మొలక శాతం తగ్గిపోతుంది. అందుకే ఖరీఫ్‌కు కావాల్సిన విత్తనం అంతకు ముందు రబీలో నీళ్ళ కింద పండినదైతే మేలు. ఇప్పుడు నీళ్ళ ఒప్పందానికీ విత్తనానికీ ఉన్న ముడి చూడండి. బోరు కింద వరి తగ్గించుకున్న రైతులు ఐదెకరాల్లో విత్తన వేరుశనగ వేస్తే, ఎకరాకు పది క్వింటాళ్ళ కాయ వచ్చినా, యాభై ఎకరాలకు సరిపడే విత్తనం వేసవికే ఊళ్ళో ఉంటుంది. బోరున్నవాళ్ళకు వరి కంటే మంచి ధర, లేనివాళ్ళకు అదనుకు విత్తనం. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కదిరి-6 మన ప్రాంతమంతా పాకింది. తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి కూడా ఇప్పుడు బాగా వేస్తున్నారు. ఏదో ఒక్క రకమే ఊరంతా వేయకండి.

చిరుధాన్యాలు, పప్పుల విత్తనం ఇంకా తేలిక. కొర్రకు ఎకరాకు రెండు కిలోలు చాలు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు దశాబ్దాలుగా ఊరూరా విత్తనాల బ్యాంకులు నడుపుతున్నారు. విత్తనం అప్పుగా తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక అంతకంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. డబ్బుతో పనే లేదు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వీలైతే మీ మహిళా సంఘాల నుంచి నలుగురిని అక్కడికి పంపండి, జనవరి, ఫిబ్రవరిల్లో జరిగే పాత పంటల జాతర సమయానికైతే మరీ మంచిది. ఒక పూట చూసి వచ్చినవాళ్ళు పది శిక్షణల పెట్టు.

ఊరి విత్తన గదిలో ఉలవ, అలసంద, పెసర, పశుగ్రాస జొన్న తప్పకుండా ఉంచండి. ఆగస్టు మొదటి పక్షం దాటినా వాన రాకపోతే వేరుశనగ మీద ఆశ పెట్టుకోకూడదు. అప్పుడు పడే వానకు ఉలవ వేయాలి. ఆ నిర్ణయం అందరికీ తెలిసినదే, కానీ ఆ రోజు ఉలవ విత్తనం ఎక్కడా దొరకదు. వాతావరణం ఎలా మారినా తట్టుకోవడం అంటే నా దృష్టిలో ఇదే: రెండో ఆలోచనకు కావాల్సిన గింజ ముందే గదిలో ఉండటం.

పురుగుల విషయంలో కూడా ఊరు కలిస్తేనే పని అయ్యేవి ఉన్నాయి. వేరుశనగను, ఆముదాన్ని తినేసే ఎర్ర గొంగళి పురుగు సంగతి తీసుకోండి. తొలకరి మంచి వానలకు భూమిలోంచి రెక్కల పురుగులు ఒక్కసారిగా బయటికి వస్తాయి, వెలుతురుకు చేరతాయి. ఆ రాత్రుల్లో ఊరంతా పొలాల్లో మంటలు వేస్తే, దీపపు ఎరలు పెడితే గుడ్లు పెట్టకముందే చాలావరకు పోతాయి. ఒక్కరు వేస్తే పక్క చేను నుంచి వచ్చి పడతాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల పురుగుమందులు మానేసిన ఊరిగా పేరు తెచ్చుకున్నా, జనగామ వైపు ఎనబావి ఊరంతా సేంద్రియానికి మారినా, అక్కడ పనిచేసింది ఈ ఉమ్మడితనమే.

నేలకు పోసే జీవామృతం తయారీ మీకు తెలిసే ఉంటుంది, ఎక్కువ చెప్పను. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, ఎకరాకు వాడతారు. ఆవు లేని ఇళ్ళు ఇప్పుడు ఎక్కువ కాబట్టి ఇద్దరు ముగ్గురు మహిళలు తయారుచేసి అమ్మే దుకాణం పెట్టుకుంటే మంచిది. ప్రతి ఇంట్లో చేయమంటే ఆ పేడ మోసే చాకిరీ ఆడవాళ్ళ మీదే పడుతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను.

ప్రకృతి వ్యవసాయం మాట మీరే ఎత్తారు కాబట్టి దాని మీద నా అభిప్రాయం చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016 నుంచి దీన్ని మహిళా సంఘాల ద్వారా నడిపిస్తోంది, 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే బహుమతి కూడా వచ్చింది. మరోవైపు 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతికి తగిన రుజువులు లేవని అభ్యంతరం చెప్పింది. నేను చూసినంతలో, ఎరువులు ఎక్కువ వేసే నీటిపారుదల పొలాల్లో ఒక్కసారిగా మానేస్తే మొదట్లో దిగుబడి తగ్గే అవకాశం ఉంది. మన వర్షాధారపు చేలల్లో ఎరువులు వాడేదే తక్కువ, కాబట్టి పోయేదీ తక్కువే. నేలను కప్పి ఉంచడం, రకరకాల పంటలు కలిపి వేయడం వల్ల వచ్చే లాభం మాత్రం బెట్ట పడిన ఏడాది కళ్ళకు కనిపిస్తుంది. అయినా మొత్తం పొలం మార్చకండి. ప్రతి కుటుంబం అరెకరంలో చేసి, పక్కనే పాత పద్ధతిలో ఇంకో అరెకరం ఉంచి, రెండింటి ఖర్చూ దిగుబడీ ఒకే పుస్తకంలో రాయండి. వేరే జిల్లా రైతు వీడియో కంటే పక్కింటి రైతు పుస్తకం ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

సమావేశం ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాదు. గుడి అరుగు మీదో పెద్దరెడ్డి గారి ఇంటి ముందో పెడితే ఎస్సీ కాలనీ వాళ్ళు రారు, వచ్చినా వెనక నిలబడి వెళ్ళిపోతారు. బడిలో పెట్టండి, రాత్రి భోజనాల తర్వాత పెట్టండి, ఆడవాళ్ళు వచ్చే దాకా మొదలుపెట్టకండి. భూమి లేనివాళ్ళకు గొర్రెలూ మేకలూ ఉంటాయి, వాళ్ళు లేని మేత ఒప్పందం కాగితం మీదే ఉంటుంది. కౌలు రైతులను తప్పక కలుపుకోండి. వచ్చే ఏడాది ఆ చేను తనకు ఉంటుందో లేదో తెలియని మనిషి నేల బాగు కోసం ఎందుకు ఖర్చుపెడతాడు? ఉమ్మడి పట్టీలోకి వచ్చే కౌలు భూములకు మూడేళ్ళకు తగ్గకుండా మాట ఇవ్వమని భూమి యజమానులను సంఘం తరఫున అడగండి. కొందరు ఒప్పుకుంటారు.

చిరుధాన్యాలు విస్తారంగా వేసే ముందు పొట్టు తీసే మిషను ఎక్కడుందో చూసుకోండి. కొర్ర, సామ పండించడం కష్టం కాదు, బియ్యం చేయడమే కష్టం. మిషను దగ్గర్లో లేకపోతే ఆ దంపుడు పని మళ్ళీ ఇంట్లో ఆడవాళ్ళకే. రాగి, జొన్న, సజ్జలకు ఈ బాధ లేదు కాబట్టి మొదటి రెండేళ్ళు వాటితో, ఇంటి తిండికి, అంగన్‌వాడీకి సరిపడా మొదలుపెట్టి, తర్వాత అమ్మకం గురించి ఆలోచించండి. చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ ధరణి సహకార సంఘం రైతుల దగ్గర కొని, శుద్ధి చేసి అమ్ముతోంది. కదిరి నుంచి దూరం కాదు, వెళ్ళి మాట్లాడండి.

చివరిగా మీరు అడిగిన సర్టిఫికెట్. ఎగుమతికి కావాల్సిన మూడో పక్షం (బయటి సంస్థ చేసే) ధృవీకరణ ఖర్చు చిన్న రైతులకు భారం, ఇప్పుడే దాని జోలికి వెళ్ళొద్దు. మీకు సరిపోయేది పీజీఎస్, అంటే రైతుల బృందమే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసి హామీ ఇచ్చే పద్ధతి. కనీసం ఐదుగురు రైతులు బృందంగా చేరితే మొదలుపెట్టొచ్చు, పూర్తి గుర్తింపు రావడానికి సాధారణంగా మూడేళ్ళు పడుతుంది. బృందంలో ఒకరు దొంగచాటుగా మందు కొడితే అందరి గుర్తింపూ పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పైన చెప్పిన కట్టుబాట్లు ఒక ఏడాది నడిపి చూసి, మాట మీద నిలబడే కుటుంబాలతోనే బృందం కట్టండి. దరఖాస్తు వివరాల కోసం మీ రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. ఈలోగా వానమాని కొనండి, అక్టోబరు సమావేశానికి ఖరీఫ్ వాన లెక్క మీ చేతిలో ఉండాలి. ఆ అంకెలు, పనిచేస్తున్న బోర్ల సంఖ్య, ఏ బోరు కింద ఏ పంట ఉందో ఇక్కడ రాస్తే, మీ ఊరి నీటి బడ్జెట్ ఎలా వేయాలో కలిసి చూద్దాం.